కొలవని భయం, కొలవని భరోసా

2016 జూన్‌లో శంషాబాదు విమానాశ్రయం కార్గో విభాగంలో కలకలం రేగింది. ఆసుపత్రుల కోసం వచ్చిన రేడియోధార్మిక మందుల పెట్టె కారుతోందని అనుమానం. జాతీయ విపత్తు స్పందన దళం పరుగున వచ్చింది. అణుశక్తి నిపుణులు పరికరాలు పట్టుకుని వచ్చారు. కొలిచి చూసి, భయపడవలసినదేమీ లేదన్నారు. అంతకు ఏడాది ముందు, 2015 మే నెలలో, ఢిల్లీ విమానాశ్రయంలోనూ సోడియం అయొడైడ్ పెట్టెల విషయంలో ఇదే కథ నడిచింది. టీవీ తెరల కింద ఎర్ర అక్షరాలు పరుగెత్తాయి, ఆగిపోయాయి. జనం ఎవరి పనుల్లో వారు పడ్డారు.

ఆ పెట్టెల్లాంటివి అంతకు ముందూ వచ్చాయి, ఆ తరువాతా వస్తూనే ఉన్నాయి. గేటు దాటాక అవి ఎటు పోతాయో మాత్రం మనం అడగం. ఆలోచించవలసింది అక్కడే.

పెట్టెను దగ్గరగా చూడండి. పైన మామూలు అట్టపెట్టె. దాని మీద పసుపు రంగు చీటీ, చీటీ మీద మూడు రేకుల గుర్తు, కింద ఒక గడిలో చిన్న అంకె. పెట్టెకు మీటరు దూరంలో ఎంత రేడియేషన్ ఉందో ఆ అంకె చెబుతుంది. లోపల నురుగుదిమ్మ, దాని నడుమ సీసంతో చేసిన బరువైన కుండ, కుండలో బొటనవేలంత గాజుసీసా. ఆ సీసాలోని మందు పేరు చాలాసార్లు అయోడిన్-131. అది ఎనిమిది రోజులకు సగమవుతుంది, మరో ఎనిమిది రోజులకు ఆ సగంలో సగం. అందుకే గోదాములో దాచుకుని తీరిగ్గా వాడేది కాదు. విమానం దిగిన మందు ఎంత త్వరగా ఆసుపత్రి చేరితే అంత మేలు.

ఆసుపత్రిలో థైరాయిడ్ క్యాన్సర్ ఉన్న ఒక తల్లి దాన్ని మింగుతుంది. గొంతు దగ్గర మిగిలిపోయిన రోగకణాలు అయోడిన్‌ను ఆబగా తాగి, దానితోపాటే చస్తాయి. వైద్యం మనిషికి చేసిన గొప్ప ఉపకారాల్లో ఇదొకటి. 1940ల నుంచీ వాడుకలో ఉన్న ఈ మందు పనితీరులో ఇప్పటికీ ఒక సొగసుంది: తాను వెతుక్కుంటూ పోయి శత్రువును పట్టుకుంటుంది. అయితే గొంతుకు అంటనిదంతా శరీరం బయటికి పంపేస్తుంది. మింగినదానిలో చాలా భాగం మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో వెళ్ళిపోతుంది. అంటే విమానాశ్రయం గేటు దగ్గర దళాల్ని పరుగెత్తించిన పదార్థం లాంటిదే, ఏ దళమూ లేకుండా, ఒక మరుగుదొడ్డి గుండా మురుగు కాలువలోకి దిగుతుంది.

పరీక్షిత్తు కథ మనందరికీ తెలుసు. పాముకాటు శాపానికి భయపడి ఒంటిస్తంభం మేడ కట్టించుకున్నాడు. చుట్టూ కాపలా పెట్టాడు, మంత్రవేత్తల్ని కూర్చోబెట్టాడు. తక్షకుడు మాత్రం పండులో పురుగై వచ్చాడు. రాజు భయపడటంలో తప్పు లేదు. కాపలాను భయం చూపిన చోటే పెట్టడంలో ఉంది తప్పు.

మనం చేస్తున్నదీ అదే. భయాన్ని వార్తకు అప్పగించాం, భరోసాను ప్రకటనకు అప్పగించాం. రెండింటికీ కొలత అడగడం మానేశాం. కొలవకుండా భయపడితే నిర్దోషులకు బాధ. కొలవకుండా భరోసా ఇస్తే నోరులేని వాడికి బాధ. ఈ రెండూ అధర్మాలే. రెండో దానికి జనం చప్పట్లు కొడతారు కనుక అది మరింత అధర్మం.

కాబట్టి కొలుద్దాం. లెక్కంటే విసుగు వద్దు. ఈ విషయంలో కాగితం మీద నాలుగు అంకెలు వేయనివాడికి మాట్లాడే హక్కు కూడా తక్కువే.

థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు 100 మిల్లీక్యూరీలు అనుకుందాం. అంటే 370 కోట్ల బెక్వెరెల్లు, సెకనుకు 370 కోట్ల అణువులు పగులుతున్నాయన్నమాట. వింటే గుండె జారుతుంది. కానీ మనలో ప్రతివాడి ఒంట్లోనూ సహజంగా ఉండే పొటాషియం-40 వల్ల సెకనుకు నాలుగు వేలకు పైగా అణువులు పగులుతూనే ఉంటాయి. అంకె పెద్దదైనంత మాత్రాన భయం పెద్దది కాదు. ఆ 370 కోట్లలో రెండు రోజుల్లో 300 కోట్లు మురుగులో కలిశాయనుకోండి. ఏ అడ్డూ లేకుండా నేరుగా కలిశాయని, దారిలో ఏమీ తరగలేదని కూడా అనుకుందాం. హైదరాబాదు అంబర్‌పేటలోని మురుగుశుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. అంత నీటిలో ఆ 300 కోట్లు రెండు రోజులపాటు కలిస్తే లీటరుకు నాలుగైదు బెక్వెరెల్లు తేలతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికే ఈ అయోడిన్ విషయంలో లీటరుకు 10 బెక్వెరెల్లను సూచికగా పెట్టింది. ఆ నీరు చేరే మూసీ నది కింద ఊళ్ళలో దానితో గడ్డి పెంచే రైతు ఈ ఒక్క రోగి వల్ల గుండెలు బాదుకోనక్కరలేదు. ఆ నీటిలో ఆయన భయపడవలసినవి వేరే చాలా ఉన్నాయి.

ఇక్కడితో ఆపి, అంతా క్షేమమని ప్రకటించి ఇంటికి పోయే అధికారులు ఉంటారు. ఆగకండి. అదే లెక్కను కాలువ వెంట పైకి తీసుకెళ్ళండి. ఆసుపత్రి నుంచి రోజుకు లక్ష లీటర్ల మురుగు వస్తుందనుకుంటే, ఆ ఆవరణ దాటక ముందు అదే అయోడిన్ లీటరుకు పదిహేను వేల బెక్వెరెల్లు. శుద్ధి కేంద్రం దగ్గరి అంకెకు ఇది మూడు వేల రెట్లకు పైనే. పదార్థమూ అదే, రోగీ ఆ తల్లే. మనం నిలుచున్న చోటు మారింది, అంతే. ఇంకా పైకి వెళ్ళండి. వార్డు మరుగుదొడ్డి కింద గొట్టం పూడుకుపోయింది. నీరు కదలక నిలిచిపోయింది. అక్కడ వంద కోట్ల బెక్వెరెల్లు పేరుకున్నాయనుకుందాం. మీటరు దూరంలో నిలబడిన మనిషికి గంటకు సుమారు 60 మైక్రోసీవర్టులు తగులుతాయి. గొట్టం విప్పేవాడు మీటరు దూరంలో నిలబడి విప్పలేడు. అర మీటరుకు వంగితే తాకిడి నాలుగింతలవుతుంది. నాలుగు గంటలు అక్కడే పెనుగులాడితే ఒక మిల్లీసీవర్టు దాకా వస్తుంది. మన దేశంలో సామాన్య ప్రజలలో ఒకరికి ఏడాది మొత్తానికి అనుమతించిన పరిమితి అంతే.

ఒక మిల్లీసీవర్టుతో మనిషి చావడు, జబ్బూ పడడు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం లెక్కలో అది సుమారు ఇరవై వేల మందిలో ఒకరికి ఎప్పుడో క్యాన్సర్ రాగల అదనపు అవకాశం. నిప్పుల కొలిమి కాదది. కాని ఆ మనిషి ఎవరో చూడండి. అదే అంతస్తులో మందు పోసే టెక్నీషియన్ ఛాతీకి చిన్న బ్యాడ్జి ఉంటుంది. టీఎల్‌డీ అంటారు. మూడు నెలలకోసారి దాన్ని పంపి, ఎంత తగిలిందో చదివి రాస్తారు. ఆయనకు శిక్షణ ఉంది, ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టుల పరిమితి ఉంది, తన పేరున ఒక లెక్క ఉంది. గొట్టం విప్పినవాడికి బ్యాడ్జి లేదు. చట్టం దృష్టిలో అతడు సామాన్య ప్రజ. తగిలిందో లేదో అతడికే తెలియదు. తగలలేదని ప్రమాణం చేసి చెప్పగలవాడూ లేడు. కాంట్రాక్టరు పంపితే వచ్చాడు, రేపు మరో ఆసుపత్రికి పోతాడు. ప్రమాదం చిన్నదే కావచ్చు. చిన్నదని చెప్పేందుకు ఒక్క కొలతా తీయకపోవడం చిన్న తప్పు కాదు.

ఈ బాధ్యతను నెరవేర్చే దారి మన దగ్గర ఉంది. కొత్తగా కనిపెట్టవలసిన పనిలేదు. అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరులో ఏర్పడింది. దాని నియమం ప్రకారం 30 మిల్లీక్యూరీలకు మించి అయోడిన్-131 ఇచ్చిన రోగిని ప్రత్యేక వార్డులో ఉంచాలి. ఆ వార్డు మరుగుదొడ్లను మామూలు డ్రైనేజీకి కలపకూడదు, డిలే ట్యాంకులకు కలపాలి. పేరు ఎంత గంభీరమో పని అంత సులువు. కాంక్రీటు గోడల మధ్య రెండు ట్యాంకులు. ఒకటి నిండాక మూస్తారు, మురుగును రెండో దానిలోకి మళ్ళిస్తారు. మూసినదాన్ని ఊరికే వదిలేస్తారు. కాలమే పని చేస్తుంది. ఎనభై రోజులకు అయోడిన్ వెయ్యోవంతుకన్నా తగ్గుతుంది. అప్పుడు నమూనా తీసి, కొలిచి, రాసి, వదులుతారు. దీనికి ఖరీదైన రసాయనాలు అక్కరలేదు, విద్యుత్తూ పెద్దగా అక్కరలేదు. ఓపిక కావాలి. ఓపిక లేకపోతే, రెండో ట్యాంకు కూడా నిండబోతున్న రోజున, వార్డులో పడకలు ఖాళీ లేని రోజున, మొదటి దాన్ని ఇరవై రోజులకే తెరిచేయాలనిపిస్తుంది. ఇరవై రోజులకు ఇంకా ఆరింట ఒక వంతు ఉంటుంది. ఆ వాల్వు దగ్గర చెయ్యి పెట్టేవాడి మనస్సే ఇక్కడ అసలైన కాపలా.

ఆసుపత్రులు నడిపే పెద్దలారా! మీ రోగుల సంఖ్య పెంచుకునే ముందు మీ ట్యాంకుల సామర్థ్యం చూసుకోండి. లూటీషియం-177 చికిత్స మన దేశంలోనూ విస్తరిస్తోంది. ప్రొస్టేటు క్యాన్సర్‌లో అది ఎందరికో ఊరట. దాని అర్ధాయువు, అంటే సగమయ్యే కాలం, వారంలోపే. కాని ఒక పద్ధతిలో తయారైన మందులో లేశమాత్రంగా దాని సోదరుడొకడు కలిసి వస్తాడు, వాడి అర్ధాయువు 160 రోజులు. అయోడిన్‌కు సరిపోయిన ఎనభై రోజుల ఓపిక వాడికి సరిపోదు. మందు మారినప్పుడల్లా లెక్క మళ్ళీ వేయండి. పాత రిజిస్టరు చూసి కొత్త వాల్వు తిప్పకండి.

పదార్థం పేరు అడగడం ఎంత అవసరమో ఇతర దేశాల అనుభవం చెబుతుంది. అమెరికాలో క్లీవ్‌లాండ్ మురుగుశుద్ధి కేంద్రం బూడిదలో కోబాల్ట్-60 ఉందని 1991లో బయటపడింది. దాని అర్ధాయువు ఐదేళ్ళకు పైనే. న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండాలో మురుగు బురదను కాల్చిన బూడిదలో అమెరీషియం-241 దొరికింది, దాని అర్ధాయువు 432 ఏళ్ళు. ఇవి రోగుల శరీరాల్లోంచి రాలేదు. పరిశ్రమల నుంచి, నీటిలో కరగని రేణువులుగా జారి, బురదలో చేరి, బురదను కాల్చినప్పుడు బూడిదలో చిక్కబడ్డాయి. కాలువ పల్చన చేస్తుందని నమ్మిన చోట శుద్ధి కేంద్రం పోగుచేసి చూపించింది. ఆ దేశం 1991లో నియమాలు మార్చి, కరగనివాటిని మురుగులో వదలకుండా నిషేధించింది. రోగుల మలమూత్రాలకు మాత్రం మినహాయింపు ఉంచింది. జపాన్‌లో ఫుకుషిమా ప్రమాదం జరిగిన ఏడాది, 2011 మేలో, కోరియామా శుద్ధి కేంద్రం బురదలో కిలోకు 26,400 బెక్వెరెల్ల సీజియం తేలింది. ఎవరూ దాన్ని కాలువలో పోయలేదు. ఇళ్ళ కప్పుల మీద, రోడ్ల మీద పడ్డదాన్ని వాన కడిగి తెచ్చింది. సీజియం-137 సగం కావడానికి ముప్ఫై ఏళ్ళు. దానికి ఏ డిలే ట్యాంకూ చాలదు.

మన ఊరి మురుగులో రేడియేషన్ ఉందా అని ఎవరైనా అడిగితే, ఉందనే చెప్పాలి. హైదరాబాదు నేలంతా గ్రానైటు. ఆ రాతిలో యురేనియం, థోరియం, పొటాషియం సహజంగానే ఉన్నాయి. బోరునీటిలో వాటి జాడ వస్తుంది, ఆ నీరే వాడుకై మురుగవుతుంది. పరికరం కిర్రుమన్నంత మాత్రాన కేకలు వేయనక్కరలేదు. ఏ పదార్థం, ఎంత, ఎవరికి ఎంత దగ్గరగా, ఎంతసేపు అని అడగాలి. ఇవి అడగని పత్రికవాడు భయాన్ని అమ్ముకుంటున్నట్టు. అడగకుండానే జవాబు చెప్పే అధికారి నమ్మకాన్ని అమ్ముకుంటున్నట్టు.

ఇప్పుడు ఒక కఠినమైన మాట. ఈ లెక్కంతా వేసి, మురుగు కాలువలో దిగే మనిషికి రేడియేషన్ వల్ల ఏమవుతుందని అడిగేవాడు, ఆ కాలువలో అతణ్ణి ఇప్పటికే చంపుతున్నదేమిటో ముందు చెప్పాలి. అది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్ళిన గుడ్ల వాసన. మిలియనుకు వంద పాళ్ళు దాటాక ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది, దిగినవాడు గాలి మంచిదైందనుకుంటాడు. ఏడు వందలు దాటితే ఒకటి రెండు ఊపిరుల్లో పడిపోతాడు. పైనున్నవాడు స్నేహితుణ్ణి లాగుదామని దిగుతాడు, అతడూ పడతాడు. మ్యాన్‌హోల్ చావుల వార్తల్లో పేర్లు జంటలుగా, మూడేసిగా రావడానికి కారణం ఇదే. పదిహేను వేల బెక్వెరెల్ల ఆ ఆసుపత్రి మురుగు ఒక చెంచాడు నోట్లో పడ్డా రేడియేషన్ రెండు మైక్రోసీవర్టులకు లోపే, రోజూ నేలా ఆకాశమూ మనకిచ్చేదానిలో మూడో వంతు కూడా కాదు. అదే చెంచాలోని క్రిములు మాత్రం అతణ్ణి వారంలో మంచాన పడేయగలవు. అయోడిన్ గురించి నగరం రాత్రంతా చర్చిస్తుంది. గ్యాసు గురించి నాలుగు పంక్తుల వార్త వేసి ఊరుకుంటుంది. ఎందుకు? అయోడిన్ మన ఇంటి కుళాయిలోకి వస్తుందేమోనని భయం. గ్యాసు మన ఇంటికి రాదు, అది దిగినవాడి ఊపిరితిత్తుల్లోనే ఆగిపోతుంది.

ఈ దేశం నోట ఈ నిజాన్ని పలికించినవారిలో బెజవాడ విల్సన్ ఒకరు. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ఊళ్ళో, తెలుగు మాట్లాడే పారిశుధ్య కార్మికుల ఇంట పుట్టాడు. ఆయనకు తోడుగా నిలిచి, సఫాయి కర్మచారి ఆందోళన్ అనే ఉద్యమాన్ని ముందుకు నడిపినవారిలో ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఉన్నాడు. పదవీ విరమణ తరువాత ఏ కమిటీ కుర్చీలోనో కూర్చోగలిగేవాడే. పాకీదొడ్ల లెక్క తీయడం ఆయనకు అంతకన్నా పెద్ద పదవిగా కనిపించింది. వారు కోర్టుకెక్కిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: మురుగు కాలువలో చనిపోయిన ప్రతివాడి కుటుంబానికి పది లక్షలు. 2023 అక్టోబరులో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. మనిషి చేత మలం ఎత్తించడాన్నీ, రక్షణ లేకుండా మురుగులో దించడాన్నీ 2013 చట్టం నిషేధించింది. ఆ ఉద్యమం తన బలమంతా ఎక్కడ తెచ్చుకుందో గమనించండి. నినాదం నుంచి కాదు, లెక్క నుంచి. ఫలానా వీధిలో ఇన్ని దొడ్లు, ఫలానా మున్సిపాలిటీలో ఇంతమంది మనుషులు అని పేర్లతో, ఫొటోలతో కోర్టు ముందు పెట్టారు. లేవని ప్రమాణపత్రాలు దాఖలు చేసిన ప్రభుత్వాలు ఆ లెక్క ముందు నిలవలేకపోయాయి.

రేడియోధార్మిక మురుగుకూ అదే పద్ధతి కావాలి. ఆసుపత్రి ప్లంబింగ్ విప్పే మనిషి చేతికి ఒక రేడియేషన్ మీటరు, నడుముకు ఒక గ్యాసు మీటరు, రెండూ కావాలి. ఒకటి ఇచ్చి రెండోది మరిచిపోతే సగం పని చేసినట్టు కూడా కాదు. అన్ని చావుల్లో ఒకే చావుకు కాపలా పెట్టినట్టు.

శంషాబాదు వాసులకు ప్రత్యేకంగా ఒక మాట. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచాక మీ ఊరు ఊరుగా మిగలలేదు. ఐదు వేల ఎకరాలకు పైగా ఉన్న ఆ ఆవరణ తన మురుగును తాను శుద్ధి చేసుకుని చెట్లకు పోసుకుంటుంది. దాని చుట్టూ సాతంరాయి, తొండుపల్లి, గగన్‌పహాడ్, ముచ్చింతల్ వైపు లేచిన లేఅవుట్లు, లాడ్జీలు, ఆసుపత్రులు, గోదాములు తమ మురుగును ఏం చేస్తున్నాయి? చాలా చోట్ల సెప్టిక్ ట్యాంకు, అది నిండితే ఒక లారీ. ఆ లారీ రాత్రిపూట ఎక్కడ ఖాళీ అవుతుందో అడిగినవాడు తక్కువ. పక్కనే 1908 మూసీ వరదల తరువాత ఈసీ నది మీద కట్టిన హిమాయత్‌సాగర్. ఆ చెరువు నీటిని కాపాడేందుకే 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. హిమాయత్‌సాగర్, దాని జంట జలాశయం చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్యం తెచ్చే కట్టడాలు వద్దన్నది. 2022లో ఆ ఆంక్షలు సడలిపోయాయి. జీవో ఉండాలా వద్దా అన్నది రాజకీయం, దాన్ని ఇక్కడ తేల్చను. కాని శంషాబాదు దాకా పాకుతున్న నగరంలో రేపొక క్యాన్సర్ ఆసుపత్రి కట్టి, దాని న్యూక్లియర్ మెడిసిన్ విభాగం మురుగును సెప్టిక్ ట్యాంకుకు కలిపితే, అంబర్‌పేట లెక్క అక్కడ పనికిరాదు. అక్కడ 33.9 కోట్ల లీటర్లు లేవు. ఒక గొయ్యి, ఒక లారీ, గొట్టం పట్టుకున్న ఒక కుర్రవాడు ఉంటారు. కట్టడానికి అనుమతి అడిగిన నాడే డిలే ట్యాంకు ప్లాను చూపమనండి. పునాది పడ్డాక అడిగితే వారి దగ్గర జవాబులు తయారుగా ఉంటాయి.

రోగులకూ, వారి ఇంటివారికీ ఒక మాట చెప్పాలి. ఈ హితవంతా చదివి మిమ్మల్ని దూరం పెట్టేవాడు నా మాట తప్పుగా విన్నాడు. తక్కువ మోతాదు తీసుకున్నవారిని అదే రోజు ఇంటికి పంపుతారు, వారి మూత్రం ఇంటి మరుగుదొడ్డి ద్వారానే పోతుంది. ప్రపంచమంతటా అంతే. వైద్యుడు చెప్పిన రోజులు పసిపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి, గర్భిణులకు కొంచెం దూరంగా ఉండండి. నీళ్ళు బాగా తాగండి. కూర్చుని మూత్రవిసర్జన చేసి, రెండుసార్లు నీళ్ళు వదలండి, చేతులు బాగా కడుక్కోండి. కొన్ని వారాల దాకా విమానం ఎక్కవలసి వస్తే ఆసుపత్రి ఇచ్చిన చీటీ దగ్గర పెట్టుకోండి. కొన్ని విమానాశ్రయాల్లో రేడియేషన్ పసిగట్టే యంత్రాలు మీ గొంతులో మిగిలిన ఆ కాస్తకే మోగుతాయి. మోగితే సిగ్గుపడకండి. మీరు దొంగసరకు మోయడం లేదు, మందు మోస్తున్నారు. ఆ పక్కన నిలబడ్డ తోటి ప్రయాణికులకు చెబుతున్నాను: యంత్రం మోగినందుకు మొహం తిప్పుకోకండి. రోగం వచ్చినవాణ్ణి ఊరి బయట ఉంచే పాత పాపానికి కొత్త యంత్రాన్ని సాక్ష్యం పెట్టకండి.

ఇక మళ్ళీ ఆసుపత్రి వారి దగ్గరికే వస్తాను. ఈ గొలుసులో మొదట నిలిచేది మీరే కనుక చివరి మాట మీతోనే. మీ డిలే ట్యాంకు దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. ఏ ట్యాంకు ఏ తేదీన మూశారు, ఏ తేదీన తెరిచారు, తెరిచే ముందు నమూనాలో ఎంత ఉంది, ఎవరు కొలిచారు, ఎవరు వాల్వు తిప్పారు అన్నవి అందులో ఉండాలి. దానికి ఇంకొక గడి చేర్చండి. ఈ గొట్టాలను ఎవరు విప్పారు, ఎంతసేపు ఉన్నారు, వారి దగ్గర రెండు మీటర్లూ ఏం చూపించాయి. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు కోసం ఆ పుస్తకం బీరువాలో పెట్టకండి. గొట్టం విప్పడానికి వచ్చిన మనిషి పని మొదలు పెట్టక ముందే అతడి ముందు తెరవండి. చదవలేకపోతే చదివి వినిపించండి. అంకెలు విన్నాక దిగనంటే, ఆ రోజుకు దింపకండి.